ఖాళీ ఇంటి గుర్తు

ఒట్టు పెట్టమంటే పెట్టను. మా ఇళ్ళల్లో ఒట్టు పెట్టడం తప్పు. కాబట్టి ఒట్టు లేకుండానే వినండి. ఇది నాకు జరిగింది. నా చెవులతో విన్నాను. తెల్లారాక నా కళ్ళతో చూశాను. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెబుతాను... అంతకు మించి నాకేమీ తెలియదు. తెలిసుంటే ఈపాటికి కాస్త నిద్ర పట్టేది.

ఇప్పుడు నేను బెజవాడ భవానీపురంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నాను. మొన్నీమధ్య ఒక సాయంత్రం పిల్లల ఫోన్లన్నీ ఒక్కసారిగా అరిచాయి. తుఫాను హెచ్చరిక. ఇప్పుడు ఫోన్లోకే వస్తోంది కదా. పిల్లలు నవ్వుకుంటూ కిటికీల దగ్గరికి పరుగెత్తారు. నా చేతిలో గరిటె జారి సాంబారులో పడిపోయింది. తుఫానంటే అంత భయమా ఆంటీ అని అడిగారు. తుఫానంటే కాదమ్మా అన్నాను. మరి దేనికి భయం అన్నారు. ఆ రాత్రి కరెంటు పోయాక మెట్ల మీద కూర్చోబెట్టుకుని వాళ్ళకి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

మాది బందరు. ఊరి చివర, సముద్రం వైపున్న పేట. పేట పేరు ఎందుకులెండి. అక్కడ మా ఇల్లు ఒకటి, వీధి చివర మురుగుకాలవ పక్కన మా అక్క ఇల్లు ఒకటి. అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోటికోడలు. మా ఆయన అన్నగారి భార్య. పేరు సుగుణమ్మ. అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకా పోయారు. మేమిద్దరం మిగిలాం. ఒకరి కూర ఒకరు తినకుండా మాకు ఒక్క రోజు గడవలేదు. పోట్లాడుకోకుండా కూడా ఒక్క రోజు గడవలేదు.

ఆ అక్కని నేను తుఫానులో వదిలేసి వచ్చాను. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చెప్పడానికి ఇది సినిమా కాదు.

బందరులో చలికాలం వస్తోందంటే ఎవరూ దుప్పట్లు వెతుక్కోరు. తుఫానుకి సర్దుకుంటారు. వానలు తగ్గీ తగ్గకముందే ఆఫీసరుగార్లు వచ్చేవాళ్ళు. పేట ఆడవాళ్ళందరినీ మా స్కూల్లో కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చేవాళ్ళు. రేషను కార్డు, ఆధారు, బ్యాంకు బుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టమనేవాళ్ళు. అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె ఒక సంచిలో ఉంచుకోమనేవాళ్ళు. ఖాళీ నీళ్ళ డబ్బాలకి మూతలు బిగించి నడుముకి కట్టుకుంటే మనిషి తేలుతుందని కట్టి చూపించారు. రోడ్ల పక్కన కొమ్మలు నరికేవాళ్ళు. పెద్ద పెద్ద బోర్డులు దించేవాళ్ళు. నెలలు నిండిన ఆడవాళ్ళ పేర్లు రాసుకుని రెండు రోజుల ముందే ఆసుపత్రికి పంపేసేవాళ్ళు. ఇదంతా మంచి పనే. ఎవరినీ తప్పు పట్టడానికి ఈ కథ చెప్పడం లేదు.

నేను ఆ స్కూల్లోనే మధ్యాహ్నం భోజనం వండేదాన్ని. తుఫానొస్తే జనం వచ్చి తలదాచుకునేదీ ఆ స్కూల్లోనే. అందుకని మా వీధి నాకు అప్పజెప్పారు. ఒక ఈల ఇచ్చారు. ఒక టార్చిలైటు ఇచ్చారు. ఒక సుద్దముక్క ఇచ్చారు.

ఆ సుద్దముక్క ఎందుకో చెప్పాలి. నీళ్ళు రాకముందే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని బయటికి తీసుకురావాలి. ఇల్లు ఖాళీ అయ్యాక తాళం వేయించి, తలుపు మీద ఇంటూ గుర్తు గీయాలి. గుర్తుంటే లోపల ఎవరూ లేరని లెక్క. రాత్రిపూట తాళ్ళు, టార్చిలైట్లు పట్టుకుని మగవాళ్ళు తిరిగినప్పుడు గుర్తు లేని తలుపు కనబడితే బద్దలు కొట్టైనా లోపలికి వెళ్తారు. గుర్తున్న తలుపు దాటి వెళ్ళిపోతారు. ఆ గాలిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి పిలిచే వ్యవధి ఉండదు కదండీ.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. తుఫాను మధ్యలో ఒక్కోసారి గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగింది కదా అని తలుపు తియ్యొద్దు. అది వెళ్ళిపోవడం కాదు. దాని కన్ను మన మీద నిలబడింది. కాసేపటికి రెండో పక్క నుంచి ఇంకా గట్టిగా కొడుతుంది. ఎవరు పిలిచినా, ఏం జరిగినా తలుపు తియ్యొద్దు. ఈ మాట నేను ఇంటింటికీ తిరిగి ఎన్నిసార్లు చెప్పానో.

తర్ఫీదు రోజున నడవలేని ముసలామెని కుర్చీలో మోసుకుపోవడం ఎలాగో చూపించాలన్నారు. ముసలామె వేషానికి ఎవరొస్తారంటే మా అక్కే లేచింది. మోకాళ్ళ నొప్పితో ఒక కాలు ఈడుస్తూ వెళ్ళి కుర్చీలో దర్జాగా కూర్చుంది. నలుగురు మగాళ్ళు మోశారు. పేటంతా నవ్వింది. కిందికి దిగి నా మెళ్ళో ఈల చూసి అంది కదా, "మా ఎస్తేరు పోలీసయ్యింది. ఇంక నా ఇంట్లో కూర మాడినా ఈల ఊదుద్ది."

నవ్వుతూనే ఉండేది ఎప్పుడూ. కానీ ఇల్లు కదలమంటే మాత్రం కదిలేది కాదు. చిన్నప్పుడు ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడిన మనిషి. మీ ఈలలు నాకెందుకే అనేది.

ఇక్కడొక సంగతి. మా పేటలో ఇల్లు కదలడం ఇష్టం లేనివాళ్ళకి ఒక ఎత్తు ఉంది. ముందు తలుపుకి బయట తాళం వేస్తారు. దొడ్డిదారిన లోపలికి వచ్చి గడియ పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. పిలవడానికి వచ్చినవాళ్ళు తాళం చూసి వెళ్ళిపోతారు. మేకలున్నవాళ్ళు, దొంగల భయం ఉన్నవాళ్ళు చేసేవాళ్ళు. మా అక్క అంతకుముందు తుఫానుకి అదే పని చేసింది. మర్నాడు వచ్చి నా ముందు కూర్చుని, "నీ ఈల విన్నానే, బాగానే ఊదావు" అని నవ్వింది.

అంటే నాకు తెలుసు. ఆ ఎత్తు నాకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అది డిసెంబరు. క్రిస్మసుకి ఇంటింటా వెదురు గడలకి నక్షత్రాలు కట్టారు. మైకు పెట్టుకున్న ఆటో వచ్చి నక్షత్రాలు దించండి, గడలు ఎగిరొచ్చి తగులుతాయి అని అరుస్తూ తిరిగింది. పిల్లలు ఏడ్చారు. రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగిందని చెప్పుకున్నారు. పొద్దున్నే వెళ్ళాను అక్క దగ్గరికి. ఆకాశం బురద రంగులో ఉంది. గాలి ఇంకా లేదు.

అక్క ఇంట్లో మూలగా గంపలో కోడి గుడ్ల మీద కూర్చుని ఉంది. పొదగేసి పంతొమ్మిది రోజులు. ఇంకో రెండు రోజుల్లో పిల్లలు దిగుతాయి. గంప కదిపితే కోడి లేచిపోద్ది, లేచిందంటే మళ్ళీ కూర్చోదు, గుడ్లన్నీ మురిగిపోతాయి అంది. గుడ్ల కోసం చస్తావా అన్నాను. అది తల్లి కాదా అంది. నాకు కోపం వచ్చింది. నువ్వు రాకపోతే నాకు మాట వస్తుంది, నలుగురిలో నా పరువు పోతుంది అన్నాను. అక్క నా మొహం కాసేపు చూసింది.

"సరేలేవే. మధ్యాహ్నం బస్సుకి ఉయ్యూరు పోతాలే, శాంతి దగ్గరికి. నీ స్కూలు అన్నం నేను తినలేను. ఉప్పుండదు."

శాంతి అక్క కూతురు. ఒక్కతే కూతురు. ఉయ్యూరులో ఇచ్చారు. నేను సరేనన్నాను. నమ్మాను అని చెప్పను. నమ్మితే నాకు పని తగ్గుతుంది కాబట్టి నమ్మాను.

సాయంత్రం నాలుగింటికి వాన మొదలైంది. గాలి ఈడ్చి ఈడ్చి కొడుతోంది. స్కూల్లో పొయ్యి మీద పెద్ద గుండిగ అన్నం ఉడుకుతోంది. వందకు పైగా మనుషులు. అది వదిలేసి ఈల ఊదుకుంటూ వీధిలో తిరిగాను. ఒక్కొక్క ఇల్లు ఖాళీ చేయించాను. ఒక్కొక్క తలుపు మీద ఇంటూ గీశాను. చివరికి అక్క ఇంటికి వచ్చాను.

తాళం ఉంది.

అక్కా అని పిలిచాను. ఇంకోసారి పిలిచాను. లోపల చప్పుడు లేదు. కోడి కూడా అరవలేదు... పొదుగుతున్న కోడి అరవదు. అది కూడా నాకు తెలుసు.

దొడ్లోకి వెళ్ళి చూడాలంటే ఇరవై అడుగులు. ఇరవై అడుగులేనండి. కానీ కాలవ పొంగి దొడ్లో మోకాలి లోతు నీళ్ళున్నాయి. పాములు తిరుగుతాయి. అక్కడ అన్నం మాడిపోతుంది. తాళం వంక చూశాను. ఉయ్యూరు వెళ్ళే ఉంటుంది అనుకున్నాను. అనుకుని... సుద్దముక్క తీశాను. తలుపు చూరు కింద ఉంది, ఇంకా తడవలేదు. ఒక గీత గీశాను. రెండో గీత సగంలో ఉండగా టిక్ మని సుద్ద విరిగింది. విరిగిన ముక్క గడప దగ్గర పడిపోయింది. గీత పూర్తి కాలేదు. ఒక చెయ్యి పొట్టిగా ఉండిపోయింది. పోనీలే అర్థమవుతుంది కదా అని వచ్చేశాను.

ఏడు దాటాక కరెంటు పోయింది. ఫోన్లు ఇంకా అందుతున్నాయి. శాంతి చేసింది. గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"పిన్నీ, అమ్మ నీ దగ్గరే ఉందా? ఫోన్ ఎత్తట్లేదు."

అంటే అక్క ఉయ్యూరు వెళ్ళలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. లోపల కూర్చుని నా పిలుపు వింది. నా సుద్ద చప్పుడు కూడా వినే ఉంటుంది.

ఆ పిల్ల అవతల ఏడుపు గొంతుతో ఉంది. ఏం చెప్పను? "ఉందమ్మా. ఇక్కడే ఉంది. అన్నం తింటోంది" అన్నాను. ఈలోపు మగవాళ్ళని పంపిస్తే తీసుకొస్తారు, అబద్ధం నిజమవుతుంది అనుకున్నాను. లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

మగవాళ్ళు అప్పటికే బయట తిరుగుతున్నారు. వాళ్ళకి పెద్ద నాగరాజు. పడవ మీద వేటకి వెళ్ళే మనిషి, మంచివాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి బాగా రాత్రయింది. నీళ్ళు కారుతూ లోపలికి వచ్చి, మీ వీధంతా చూశాం అక్కా, అన్ని తలుపుల మీదా గుర్తులున్నాయి, ఎవరూ లేరు అన్నాడు.

సుగుణమ్మక్క ఇల్లు? అన్నాను.

"తాళం ఉంది. నువ్వు గీసిన గుర్తు కూడా ఉంది. టార్చి వేసి చూశాను."

లోపల ఉంది నాగరాజూ అన్నాను. వాడు తల మీద తువ్వాలు తీసి పిండుకున్నాడు. మీ వీధికి పోయే కాలవ మీద తూము ఇప్పుడే తెగిపోయిందక్కా, మేం దాటాం, మా వెనకాలే పోయింది, ఇంక తెల్లారేదాకా అటు పోయే దారి లేదు అన్నాడు. నేను లేచి తలుపు వైపు పరుగెత్తాను. ఇద్దరు పట్టుకున్నారు. వార్డు ఆఫీసు నుంచి మా కోసం వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది, లావణ్య అని. చిన్నపిల్ల. ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. పెంకుటిల్లు కదా ఆంటీ, ఏం కాదు, అటకెక్కి కూర్చుని ఉంటుంది అంది.

నేను మేమున్న తరగతి గది తలుపుకి ఆనుకుని కూర్చుండిపోయాను.

ఆ రాత్రి గాలి గురించి ఎలా చెప్పను. రైలు మన తల మీద నుంచి పోతూ... పోతూ... అయిపోకుండా ఉంటే ఎలా ఉంటుంది? అలా ఉంది. రేకులు ఎగిరిపోతున్న చప్పుడు. ఎక్కడో చెట్టు విరిగిన చప్పుడు. గదిలో పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. ఆ తర్వాత పెద్దవాళ్ళు. నాగరాజు వాళ్ళు మా గదిలోనే ఒక మూల సొలసి పడిపోయారు. ఒక్క బ్యాటరీ లైటు. అదీ ఎర్రబడి... ఆరిపోయింది.

నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఒక్కటే మాట. అటకెక్కించు. అటకెక్కించు.

అప్పుడు గాలి ఆగింది.

తగ్గడం కాదు. ఆగింది. ఎవరో స్విచ్చి ఆపినట్టు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్... అంతే. ఎక్కడా కప్ప కూడా అరవలేదు. చెవుల్లో గుయ్ మంటోంది. వందమంది ఊపిరి వినబడుతోంది.

అప్పుడు వరండాలో అడుగులు.

నీళ్ళలో నడుస్తున్నట్టు. ఒక అడుగు బరువుగా... చప్. ఇంకో కాలు ఈడ్చినట్టు... స్స్. మళ్ళీ చప్... స్స్... తొందర లేదు. సంతకి పోయి వస్తున్న మనిషిలా నిదానంగా. వరండా ఆ చివర నుంచి ఈ చివరకి. మొదటి గది దాటింది. రెండో గది దాటింది. మా గది ముందు ఆగింది.

నా వీపు తలుపుకి ఆని ఉంది. అవతల మనిషి నిలబడితే చెక్కలోంచి తెలుస్తుంది చూడండి... అలా తెలిసింది. ఊపిరి తీసుకున్నట్టు. కాస్త ఆయాసంతో.

తర్వాత చెక్క మీద... గర్ర్...

సుద్ద. నాకు తెలియదా ఆ చప్పుడు? సాయంత్రమంతా అదే చప్పుడు చేసుకుంటూ తిరిగినదాన్ని. నా వీపు వెనకాలే, చెక్కకి అవతల, నా తల దగ్గర మొదలై భుజం దగ్గరికి దిగింది. ఒక గీత. ఆగింది. రెండోది మొదలైంది. గర్ర్... సగంలో...

టిక్.

అక్కా అన్నాను. పైకి అన్నానో లోపల అన్నానో తెలియదు. అవతల ఊపిరి మాత్రం ఉంది.

లేచి నిలబడ్డాను. గడియ మీద చెయ్యి వేశాను. ఇనప గడియ. చల్లగా ఉంది. లాగితే వచ్చేస్తుంది. గాలి ఆగినప్పుడు తలుపు తియ్యొద్దు అని నేనే కదా ఊరంతా చెప్పాను... లోపల వందమంది ఉన్నారు, పసిపిల్లలున్నారు... ఇవన్నీ అనుకున్నాను. అందరికీ ఇదే చెప్పాను తర్వాత. రూలు ప్రకారం తియ్యలేదని. మీకు మాత్రం నిజం చెబుతాను. రూలు కోసం కాదు. భయపడ్డాను. తలుపు తీస్తే అక్క ఏ మొహంతో నిలబడి ఉంటుందో చూడలేకపోయాను. చెయ్యి గడియ మీదే ఉంచి అలాగే నిలబడ్డాను.

ఎంతసేపో.

చప్... స్స్... చప్... స్స్... అడుగులు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఆ కాస్సేపటికే రెండో పక్క నుంచి గాలి వచ్చి స్కూలు మీద పడింది. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు.

తెల్లవారింది. నాగరాజు లేచి వచ్చి తలుపు తీశాడు. నేను అందరికంటే ముందు బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూశాను.

తలుపు మీద ఇంటూ గుర్తు.

వాన ఏటవాలుగా కొట్టి వరండా అంతా చెరువులా ఉంది. తలుపు మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. గుర్తు మాత్రం తెల్లగా ఉంది. వేలు పెట్టి చూశాను. వేలికి పొడి అంటింది. పిండిలాగా... పొడిగా. రెండో గీత ఒక చెయ్యి పొట్టి. ఎవరికీ చెప్పలేకపోయాను, చూపించలేకపోయాను. మగవాళ్ళు అప్పటికే తాళ్ళు తీసుకుని బయలుదేరుతున్నారు. వాళ్ళ వెనకాల పడి వెళ్ళాను.

తెగిపోయిన తూము దగ్గర తాడు కట్టి, డబ్బాలు నడుముకి కట్టి, ఒక్కొక్కరినీ దాటించారు. వీధి లేదు. అంతా ఒకటే నీళ్ళు. అక్క ఇల్లు ముందు నుంచి చూస్తే బాగానే ఉంది. పెంకులు లేవు గానీ గోడ నిలబడి ఉంది. తలుపు ఉంది. తాళం వేలాడుతోంది. నాకు ఒక్క నిమిషం ఆశ పుట్టింది.

దొడ్డి వైపు గోడ లేదు. మట్టిగోడ. నాని మొత్తం లోపలికి ఒరిగిపోయింది. మంచం దాని కింద ఉంది.

అటక మీద గంప ఉంది. గంప మీద అక్క తన దుప్పటి కప్పింది. కింద కోడి బతికే ఉంది. గంపని అటకెక్కించి, తను కింద మంచం మీద కూర్చుంది మా అక్క. మోకాళ్ళ నొప్పి కదండీ. ఎక్కించడానికి చేతులున్నాయి. ఎక్కడానికి కాళ్ళు లేవు.

మగవాళ్ళు మట్టి తీసి ఆమెని బయటికి తెచ్చాక నేను ఆమె చేతులు పట్టుకుని వేళ్ళు చూశాను. అందరూ ఏడుస్తున్నానని అనుకున్నారు. ఏడుస్తూనే చూశాను. వేళ్ళకి తెల్లగా ఏమైనా అంటుకుని ఉందా అని. బురద తప్ప ఏమీ లేదు. కాళ్ళు చూశాను, నడిచినట్టు గుర్తులున్నాయా అని. కాళ్ళకీ బురదే. ఒళ్ళంతా బురదే. గోడ ఏ వేళప్పుడు పడిందో చెప్పేవాళ్ళు లేరు. చుట్టూ ఎవరున్నారు? అన్ని ఇళ్ళూ నేనే ఖాళీ చేయించాను.

ముందు తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. అప్పుడు చూశాను ఆ తలుపు. నేను గీసిన గుర్తు లేదు. వానకి పోయిందంటారు. పోయే ఉంటుంది. రాత్రి టార్చిలైటు వెలుగులో స్పష్టంగా చూశానని నాగరాజు ఇప్పటికీ అంటాడు. గడప దగ్గర పడిన సుద్దముక్క కోసం నీళ్ళలో చేత్తో వెతికాను. దొరకలేదు.

స్కూలుకి వచ్చి లావణ్యకి చూపిద్దామంటే అప్పటికి ఆ తలుపు మీద ఎవరో తడి దుప్పట్లు ఆరేశారు. దుప్పటి తీస్తే గుర్తు లేదు. కాస్త తెల్లటి మరక. ఫోటో తియ్యడానికి ఎవరి ఫోన్లోనూ ఛార్జింగు లేదు. స్కూలు కదా ఆంటీ, పిల్లలు ఎప్పుడో గీసి ఉంటారు అంది లావణ్య. ఉండొచ్చు. అలసిపోయి ఉన్నావు, కలగన్నావు, మనలో దయ్యాలు లేవమ్మా అన్నారు పాస్టరుగారు. అదీ ఉండొచ్చు. పేటలో ముసలాళ్ళు మాత్రం ఇంకోలా అన్నారు. గుర్తున్న గుమ్మాన్ని చావు దాటిపోద్దంట, మీ అక్క వచ్చి మీ అందర్నీ కాపాడి పోయిందే అన్నారు. స్కూల్లో ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. నిజమే.

సాయంత్రానికి శాంతి వచ్చింది ఉయ్యూరు నుంచి. ఎక్కడ ఏ బండి దొరికితే అది ఎక్కి, ఎక్కడ రోడ్డు లేకపోతే అక్కడ నడిచి వచ్చింది. తల్లి దగ్గర కూర్చుని మొహం మీద బురద కొంగుతో తుడిచింది. తర్వాత తలెత్తి నా వంక చూసింది.

"ఉందన్నావుగా పిన్నీ."

అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఇప్పటికీ అనలేదు. పండక్కి చీర పంపుతుంది. ఉయ్యూరు బెల్లం తెచ్చిస్తుంది. పిన్నీ అని నోరారా పిలుస్తుంది. తిట్టినా బాగుండేది. ఆ పేటలో ఉండలేకే నేను బెజవాడ వచ్చేశాను.

నేను దీన్ని రెండు విధాల ఆలోచిస్తాను. ఎన్నేళ్ళుగానో ఆ రెండే.

ఒకటి... గాలి ఆగేలోపే గోడ పడిపోయింది. అక్క పోయింది. పోయాక వచ్చింది. నా మీద కోపంతో వచ్చిందో, కాపాడదామని వచ్చిందో, లేకపోతే మా ఎస్తేరు గుర్తు పూర్తిగా గీయలేదే అని నవ్వుకుంటూ వచ్చిందో తెలియదు. ఎలా వచ్చినా పోయాకే వచ్చింది.

రెండోది మీకు చెప్పాలంటే నోరు రావడం లేదు. ఒకసారి నాగరాజుని అడిగాను. గాలి ఆగినప్పుడు కాలవ దాటొచ్చా అని. వాడు నా మొహం చూడలేదు. ఆ కాస్సేపు నీళ్ళు కూడా వెనక్కి లాగుతాయక్కా, డబ్బాలు కట్టుకుంటే... అని ఆగిపోయాడు. డబ్బాలు ఎలా కట్టుకోవాలో అక్కకి తెలుసు. తర్ఫీదు రోజున ముందు వరసలో కూర్చుంది. గాలి ఆగితే తలుపు తియ్యరని కూడా తెలుసు. నేనే చెప్పాను. అందుకే తలుపు కొట్టలేదేమో. పిలవలేదేమో. గడప దగ్గర దొరికిన ముక్కతో, ఎస్తేరూ నేనే, అని చెప్పడానికి ఆమెకి ఇంకో దారి లేదేమో. చదువు రాదు కదండీ. నేను గీసింది గీసి చూపించిందేమో. గడియ తీస్తానని కాసేపు నిలబడి చూసి... తిరిగి ఇంటికి వెళ్ళిపోయిందేమో. ఆ తర్వాత రెండో పక్క గాలికి గోడ...

డబ్బాలు దొరికాయా అని అడుగుతారు మీరు. మంచం పక్కన ఒకటి తేలుతూ కనబడింది. అలాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

దయ్యాలు లేవని నమ్మే ఇంట్లో పుట్టాను. దయ్యాలు లేవని నమ్మే ఇంట్లో మెట్టాను. రోజూ రాత్రి పిల్లలందరూ పడుకున్నాక మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కటే అడుగుతున్నాను. ఆ రాత్రి నా తలుపు దగ్గరికి వచ్చింది దయ్యమే అయ్యుండాలి తండ్రీ అని.